బ్రిటన్‌లో మన పిల్లలకు ఓటుంది

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో తెలుగువాళ్లు నలుగురు చేరినచోట బ్రిటన్ రాజకీయాల ప్రస్తావన వస్తే మాట ఒకే దారిలో నడుస్తుంది. ప్రధాని ఎన్నాళ్లుంటాడు, నారాయణమూర్తిగారి అల్లుడు రిషి సునాక్ మళ్లీ వస్తాడా, అక్కడ పోస్టు పెడితే ఇంటికి పోలీసులొస్తారట కదా! మన పత్రికల్లో వచ్చే వార్తలూ ఇంచుమించు ఇవే. పిల్లల్ని మాస్టర్స్‌కు పంపిన ఇళ్లలో కూడా చర్చ ఇంతకు మించి సాగదు. ఆ పిల్లలు అక్కడ గది తీసుకున్న మొదటి నెలలోనే ఓటర్లుగా నమోదు కావచ్చన్న సంగతి మారతహళ్లి నుంచి జయనగర్ దాకా ఏ కన్సల్టెన్సీ బోర్డు మీదా కనిపించదు.

భారత పౌరులు కామన్‌వెల్త్ పౌరులు. చెల్లుబాటయ్యే వీసాతో బ్రిటన్‌లో నివాసం ఉంటూ 18 ఏళ్లు నిండితే స్థానిక ఎన్నికలతో పాటు పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. స్టూడెంట్, గ్రాడ్యుయేట్, స్కిల్డ్ వర్కర్, డిపెండెంట్ వీసాల మధ్య ఇందులో తేడా లేదు, ఇన్నేళ్లు ఉండి తీరాలన్న షరతూ లేదు. పదేళ్లుగా లండన్‌లో పన్ను కడుతున్న అమెరికన్‌కు లేని హక్కు మొన్న గుంటూరు నుంచి వెళ్లిన కుర్రాడికి ఉంది. మనవణ్ని చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వెళ్లిన అమ్మమ్మ, తాతయ్యలకు మాత్రం ఇది వర్తించదు, వాళ్ల నివాసం అక్కడ కాదు కాబట్టి. ఓటు వేస్తే భారత పౌరసత్వానికి ఇబ్బందేమో అని కొందరు జంకుతారు. మరో దేశ పౌరసత్వం తీసుకుంటేనే మనది పోతుంది. ఓటరుగా నమోదు కావడం పౌరసత్వం తీసుకోవడం కిందికి రాదు.

నమోదుకు అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో ఐదు నిమిషాల పని, రుసుము లేదు. చిరునామా, పుట్టిన తేదీ, జాతీయత, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం నుంచి కోసే సామాజిక భద్రత చందా) నంబరు అడుగుతారు. కొత్తగా వెళ్లిన విద్యార్థికి ఆ నంబరు ఉండకపోవచ్చు. లేదని కారణం రాసి పంపితే స్థానిక కౌన్సిల్ వేరే ఆధారం అడుగుతుంది, పాస్‌పోర్ట్ నకలు ఇవ్వవచ్చు. పోలింగ్‌కు 12 పనిదినాల ముందు అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది. పోస్టల్ ఓటు కావాలంటే 11 పనిదినాల ముందు సాయంత్రం 5 గంటల లోపు అడగాలి.

మనవాళ్లకు దెబ్బ తగిలేది ఇతర చోట్ల. నమోదు మనిషితో పాటు కదలదు, చిరునామాకు కట్టుబడి ఉంటుంది. ఆరు నెలలకోసారి గది మారే విద్యార్థి మారిన ప్రతిసారీ కొత్తగా నమోదు చేసుకోవాలి. రెండోది పేరు. 2023 నుంచి ఇంగ్లండ్‌లో ఫొటో గుర్తింపు చూపనిదే బ్యాలెట్ పత్రం ఇవ్వరు. భారత పాస్‌పోర్ట్ చెల్లుతుంది, కానీ జాబితాలో ఉన్న పేరూ దాని మీది పేరూ కలవాలి. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, పొడి అక్షరంతో సరిపెట్టేవాళ్లు, పెళ్లయ్యాక ఒకచోట మార్చి మరోచోట మార్చనివాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నమోదు చేసుకోవాలి. వీసా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉంటోంది గనుక ఫోన్‌లో దాన్ని చూపిస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు, పోలింగ్ కేంద్రంలో ఒరిజినల్ పత్రమే చేతిలో ఉండాలి. కౌన్సిల్ నుంచి నమోదు చేసుకోమని వచ్చిన ఉత్తరాలను పక్కన పడేస్తే 80 పౌండ్ల జరిమానా పడే వీలుంది. దరఖాస్తులో ‘ఓపెన్ రిజిస్టర్’ అనే గడి ఒకటి వస్తుంది. అందులో వద్దని చెప్పకపోతే పేరు, చిరునామా ఎవరైనా కొనుక్కోగల జాబితాలోకి వెళతాయి.

రాజకీయాలు మాకెందుకు అనేవాళ్లకు మరో మాట. ఎక్స్‌పీరియన్ వంటి క్రెడిట్ సంస్థలు చిరునామాను ఓటర్ల జాబితాతోనే సరిచూస్తాయి. అందులో పేరుంటే మొబైల్ కాంట్రాక్టు, క్రెడిట్ కార్డు, అద్దెకు ముందు జరిగే తనిఖీ సులువవుతాయి. ఓటు మీద ఆసక్తి లేనివాడైనా ఈ లాభం కోసం నమోదు కావచ్చు.

వెయ్యిమంది విద్యార్థుల ఓట్లతో ఏమవుతుందంటారా? 2024 జులై 4 ఎన్నికల్లో ఉత్తర లండన్‌లోని హెండన్ స్థానాన్ని లేబర్ పార్టీ గెలిచింది 15 ఓట్ల తేడాతో. దేశం మొత్తం మీద లేబర్‌కు 33.7 శాతం ఓట్లతో 650లో 411 సీట్లొచ్చాయి. వలసలను వ్యతిరేకించే రిఫార్మ్ యూకే పార్టీకి 14.3 శాతం ఓట్లొచ్చి 5 సీట్లే దక్కాయి. ఇది ప్రజాస్వామ్యమేనా అని అక్కడివాళ్లు ఇంకా వాదించుకుంటున్నారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకి 39 శాతం పైగా ఓట్లొచ్చి 175లో 11 సీట్లు మిగిలాయి కాబట్టి మనకు ఈ లెక్క కొత్త కాదు. ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే ఈ పద్ధతిని మనం తెచ్చుకున్నదే అక్కడి నుంచి. ఓట్లు పలు పార్టీల మధ్య చీలిన నియోజకవర్గంలో ఒక వీధిలోని అద్దె ఇళ్ల ఓట్లు కూడా ఫలితాన్ని మార్చగలవు. ఈస్ట్‌హామ్, హారో, హౌన్‌స్లో, స్లౌ, లెస్టర్ వంటి చోట్ల మనవాళ్లు అద్దెకుండేది అలాంటి వీధుల్లోనే.

అక్కడ ఎవరు మనవాళ్లు అన్న విషయంలో బెంగళూరు లెక్క మొదటినుంచీ తప్పే. రిషి సునాక్ ప్రధానిగా ఉన్నప్పుడే స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస వార్షిక జీతం 26,200 నుంచి 38,700 పౌండ్లకు ఎగబాకింది. మాస్టర్స్ విద్యార్థుల్లో అత్యధికులు భార్యనో భర్తనో తీసుకెళ్లే వీలు 2024 జనవరి నుంచి పోయింది. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాదారులు కట్టే ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 624 నుంచి 1,035 పౌండ్లయింది. తర్వాత వచ్చిన లేబర్ వీటిలో ఏదీ వెనక్కి తీసుకోలేదు, పైగా కనీస జీతాన్ని 2025 జులై 22 నుంచి 41,700కు పెంచింది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు, చదువయ్యాక అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లకు బదులు 18 నెలలే, పీహెచ్‌డీ చేసినవాళ్లకు మాత్రం మూడేళ్లు. శాశ్వత నివాసానికి ఐదేళ్ల గడువును పదేళ్లు చేస్తామని 2025 మే శ్వేతపత్రంలో ప్రతిపాదించారు. రిఫార్మ్ యూకే 2025 సెప్టెంబరులో ఇంకో అడుగు వేసి శాశ్వత నివాస హోదానే రద్దు చేస్తామంది. ఇంటిపేరు చూసి మురిసిపోయేవాళ్లు ఈ వరుసను ఒక్కసారి తీరిగ్గా చదవాలి.

సర్‌చార్జి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే జీతం చూసి లెక్క వేసేవాళ్లు దీన్ని మరిచిపోతారు. దంపతులకు ఐదేళ్లకు 10,350 పౌండ్లు, పిల్లలకు ఏడాదికి 776 చొప్పున ఒక బిడ్డకు 3,880. మొత్తం 14,230 పౌండ్లు, పౌండుకు 120 రూపాయల చొప్పున 17 లక్షల పైచిలుకు. వీసా దరఖాస్తుతో పాటే ముందుగా కట్టాలి. కంపెనీ భరిస్తుందా లేదా అన్నది ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందే తేల్చుకోవాల్సిన విషయం.

ఇక పన్నులు. లేబర్ తన మేనిఫెస్టోలో ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ రేట్లు పెంచమని మాటిచ్చింది. అప్పు తెచ్చి ఖర్చు పెడదామంటే 2022 సెప్టెంబరు జ్ఞాపకం వెంటాడుతోంది. ఆ నెల 23న లిజ్ ట్రస్ ప్రభుత్వం నిధులెక్కడివో చెప్పకుండా 45 బిలియన్ పౌండ్ల పన్ను కోతలు ప్రకటించింది. ప్రభుత్వ బాండ్ల ధరలు పడిపోయి పెన్షన్ ఫండ్లు కుదేలయ్యాయి. 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి బాండ్లు కొనాల్సొచ్చింది. అందుకే ఇప్పుడు ఏ ఆర్థికమంత్రి అయినా బాండ్ మార్కెట్ వంక చూడకుండా నోరు తెరవరు. రేటు పెంచలేక, అప్పు పెంచలేక ప్రభుత్వం ఎంచుకున్న దారి శ్లాబుల్ని కదలనివ్వకపోవడం. పన్ను లేని 12,570 పౌండ్ల పరిమితి 2021 ఏప్రిల్ నుంచి అక్కడే ఉంది. 2025 నవంబరు బడ్జెట్‌లో దాన్ని 2031 దాకా పొడిగించారు. ఈలోగా ధరలు నాలుగో వంతుకు పైగా పెరిగాయి. రేటు పెంచలేదని చెప్పుకుంటూనే ఎక్కువ వసూలు చేసే ఉపాయమిది. నా దృష్టిలో రేటు పెంచి ఒప్పుకోవడమే నిజాయతీ.

ఇంగ్లండ్‌లో 41,700 జీతగాడి లెక్క ఇలా ఉంటుంది. 12,570 తీసేస్తే మిగిలే 29,130 మీద 20 శాతం ఆదాయపు పన్ను 5,826, అంతే మొత్తం మీద 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ 2,330. చేతికి ఏడాదికి దాదాపు 33,540, నెలకు 2,795 పౌండ్లు. పెన్షన్ కోత ఇంకా పడలేదు. 50,270 దాటాక ప్రతి అదనపు పౌండు మీదా 40 శాతం పన్ను, 2 శాతం ఇన్సూరెన్స్. లక్ష దాటితే పన్ను లేని పరిమితి కూడా కరుగుతూ పోయి 1,25,140 దాకా ఆ అదనం మీద 62 శాతం పోతుంది. స్కాట్లండ్‌లో ఆదాయపు పన్ను శ్లాబులు వేరు. బెంగళూరు సీటీసీకి (కోతలకు ముందు కంపెనీ చెప్పే మొత్తం జీతానికి) అలవాటుపడిన కళ్లతో బ్రిటన్ ఆఫర్ లెటర్ చదవకూడదు.

ఇక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్ల విషయంలో జరిగే తప్పు మరీ ఖరీదైనది. విదేశాల్లో ఉండేవాళ్లు మన బ్యాంకుల్లో వేసే ఎన్నార్‌ఈ డిపాజిట్ వడ్డీకి భారత్‌లో పన్ను లేదు కాబట్టి ఎక్కడా లేదనుకుంటారు. బ్రిటన్‌లో నివాసి అయినవాడికి ప్రపంచంలో ఎక్కడి వడ్డీ అయినా అక్కడ పన్నుకు లోబడే ఆదాయమే. ఒకప్పుడు నాన్‌డామ్ హోదా (శాశ్వత స్వస్థలం బ్రిటన్ కాదన్న హోదా) ఉన్నవాళ్లు విదేశీ ఆదాయాన్ని బ్రిటన్‌లోకి తేకపోతే పన్ను తప్పించుకోగలిగేవారు. 2022 ఏప్రిల్‌లో సునాక్ భార్య అక్షతా మూర్తి ఇన్ఫోసిస్ డివిడెండ్ల మీద దుమారం రేగింది దీని గురించే. అప్పుడు ఆమె ఇకపై అక్కడే పన్ను కడతానని ప్రకటించారు. ఆ హోదా 2025 ఏప్రిల్ 6 నుంచి రద్దయింది. దాని స్థానంలో, అంతకుముందు పదేళ్లు బ్రిటన్ నివాసి కానివాళ్లకు మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయం మీద మినహాయింపు అడిగే వీలిచ్చారు. వినడానికి బాగుంది కానీ, అది అడిగిన ఏడాది 12,570 పరిమితి వదులుకోవాలి. నాలుగు వేల పౌండ్ల వడ్డీ వచ్చే 20 శాతం శ్లాబు ఉద్యోగికి మొదటి వెయ్యి ఎలాగూ మినహాయింపు, మిగతా మూడు వేల మీద పన్ను 600. మినహాయింపు అడిగితే పరిమితి పోయినందుకు 2,514 కట్టాలి. చిన్న డిపాజిట్లున్నవాళ్లు అడగకపోవడమే మేలు. అక్కడి పన్ను ఏడాది ఏప్రిల్ 6న మొదలై ఏప్రిల్ 5న ముగుస్తుంది, ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్కగట్టే మన పన్ను ఫారం మీది వడ్డీ మొత్తాన్ని అలాగే ఎక్కిస్తే సరిపోదు. రిటర్ను వేయాల్సినవాళ్లు అక్టోబరు 5 లోపు నమోదై, జనవరి 31 లోపు ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి.

2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం వెంట వచ్చిన సామాజిక భద్రత ఒప్పందం మీద అక్కడ పెద్ద రగడే జరిగింది. భారత కంపెనీ తాత్కాలికంగా పంపిన ఉద్యోగి మూడేళ్ల దాకా నేషనల్ ఇన్సూరెన్స్ కట్టక్కర్లేదు కాబట్టి మనవాళ్లు స్థానికుల కంటే చౌకవుతారని ప్రతిపక్షం అంది. ఆదాయపు పన్ను, వీసా ఖర్చు, సర్‌చార్జి అలాగే ఉంటాయి, ఇక్కడ పీఎఫ్ కడుతూనే ఉండాలి. ఇలా పంపిన ఉద్యోగులకు అంతకుముందూ 52 వారాల మినహాయింపు ఉంది. పైగా అక్కడి ప్రభుత్వ పెన్షన్ అందాలంటే కనీసం పదేళ్లు కట్టి ఉండాలి. రెండు మూడేళ్లుండి తిరిగొచ్చేవాడు కట్టినదంతా బూడిదలో పోసిన పన్నీరే. అయితే వైట్‌ఫీల్డ్ ఆఫీసు నుంచి డిప్యుటేషన్ మీద వెళ్లినవాడికే ఇది, పీఎఫ్ సంస్థ ఇచ్చే కవరేజీ సర్టిఫికెట్ కూడా కావాలి. బ్రిటన్ కంపెనీలో నేరుగా చేరినవాడికి ఈ వెసులుబాటు లేదు.

వాక్స్వేచ్ఛ దగ్గరికి వద్దాం. ట్వీటు పెడితే జైలేనన్న మాట వాట్సాప్‌లో తిరుగుతోంది. బ్రిటన్‌లో 1998 మానవ హక్కుల చట్టం భావ ప్రకటన హక్కును కాపాడుతుంది. కానీ పార్లమెంటు చేసిన చట్టాన్ని మన సుప్రీంకోర్టులా అక్కడి కోర్టు కొట్టేయలేదు, హక్కులకు పొసగడం లేదని ప్రకటించి ఊరుకోవాలి. 2003 కమ్యూనికేషన్స్ చట్టంలోని 127వ సెక్షన్ ‘తీవ్రంగా అభ్యంతరకరమైన’ సందేశానికి ఆరు నెలల దాకా శిక్ష వేయనిస్తుంది. మన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌లో ఇలాంటి మాటలు చేరింది అక్కడి చట్టాలను చూసే. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న మన కోర్టు 66ఎ ను కొట్టేసింది. అక్కడి సెక్షన్ మాత్రం ఇంకా నడుస్తోంది. 1988 నాటి మరో చట్టం కింద ఇలాంటి సందేశాలకు రెండేళ్ల దాకా, జాతి విద్వేషం రెచ్చగొట్టినందుకు 1986 పబ్లిక్ ఆర్డర్ చట్టం కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది.

2023లో 12 వేలకు పైగా అరెస్టులన్న అంకె ఈ 2003, 1988 చట్టాల కింద జరిగినవాటిది. దాన్ని చూపి అభిప్రాయం చెప్పినందుకే ఇందరిని పట్టుకున్నారనడం తప్పు. విడిపోయిన భార్యను బెదిరించినవాడు, అశ్లీల చిత్రాలు పంపినవాడు, వెంటపడి వేధించినవాడు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు. శిక్షల దాకా వెళ్లినవి అందులో కొద్ది వంతే. సౌత్‌పోర్ట్‌లో 2024 జులై 29న ముగ్గురు చిన్నారుల హత్య తర్వాత, శరణార్థులుండే హోటళ్లను తగలబెట్టమన్న అర్థం వచ్చేలా పోస్టు పెట్టిన మహిళకు 31 నెలల శిక్ష పడింది. పోస్టు మూడున్నర గంటల్లో తీసేశారు, నేరమూ ఒప్పుకున్నారు. శిక్ష ఎక్కువని నేనూ అంటాను, కానీ అది కేవలం అభిప్రాయం అంటే ఒప్పుకోను. హంతకుడు పడవలో వచ్చిన శరణార్థి అంటూ ఆ పోస్టుల వెనకున్న ప్రచారమే అబద్ధం, అతను బ్రిటన్‌లోని కార్డిఫ్‌లోనే పుట్టినవాడు. మరోవైపు 2025 సెప్టెంబరు 1న ఒక ఐరిష్ హాస్య రచయితను ట్వీట్ల మీద హీత్రూ విమానాశ్రయంలో ఐదుగురు సాయుధ పోలీసులు అరెస్టు చేయడం సిగ్గుచేటే. అక్టోబరులో ఆ కేసు వదిలేశారు. నేరం కాని ద్వేష సంఘటనల మీద ఇక దర్యాప్తు చేయబోమని లండన్ పోలీసులు ప్రకటించారు కూడా.

మన పిల్లలకు అసలు ప్రమాదం ఉద్యమాల్లో కంటే వాట్సాప్ గ్రూపుల్లో ఉంది. ఊళ్లో అలవాటైన కులం తిట్లు, మతం మీద మీమ్స్, హీరోల అభిమానుల మధ్య బెదిరింపులు గ్రూపు మూసి ఉంది కదా అని అక్కడా కొనసాగిస్తారు. 127వ సెక్షన్ ప్రకారం సందేశం పంపడంతోనే నేరం పూర్తవుతుంది, అది ఎవరికీ చేరకపోయినా, చదివినవాళ్లు నొచ్చుకోకపోయినా సరే. హౌస్ ఆఫ్ లార్డ్స్ 2006లో చెప్పింది అదే. తమ ప్రైవేటు వాట్సాప్ గ్రూపులో రాసుకున్న మాటలకు ఇద్దరు మాజీ పోలీసులకే 2022లో జైలు శిక్ష పడింది. 2023 ఆన్‌లైన్ సేఫ్టీ చట్టంతో, అబద్ధమని తెలిసీ హాని చేయాలని పంపే సందేశమూ నేరమైంది. ఇక ప్రదర్శనలకు వెళ్లేవాళ్లు హోమ్ ఆఫీస్ నిషేధిత సంస్థల జాబితా చూసుకునే వెళ్లాలి. 2025 జులైలో పాలస్తీనా యాక్షన్ అనే సంస్థను ఆ జాబితాలో చేర్చాక ప్లకార్డు పట్టుకున్నవాళ్లే వందలమంది అరెస్టయ్యారు. పాలస్తీనా తరఫున మాట్లాడటం నేరం కాదు, నిషేధంలో ఉన్న సంస్థ పేరు మోయడం నేరం. ఆ ప్లకార్డు ఫొటో పోస్టు చేయడం కూడా.

పోలీసులు పిలిచినా, స్వచ్ఛందంగా వచ్చి మాట్లాడమన్నా డ్యూటీ సొలిసిటర్ అనే న్యాయవాదిని అడగాలి. పోలీస్ స్టేషన్‌లో ఆ న్యాయసహాయం ఉచితం, ఆదాయంతో గానీ పౌరసత్వంతో గానీ పనిలేదు. కేసు పెట్టకుండా ‘కాషన్’ ఇచ్చి పంపేస్తామంటే మనవాళ్లు దాన్ని మందలింపు అనుకుని సంతకం పెట్టి ఊపిరి పీల్చుకుంటారు. అది నేరం ఒప్పుకున్నట్టు. పోలీసు రికార్డులో ఉంటుంది, తర్వాతి వీసా దరఖాస్తులో చెప్పి తీరాలి. దాచితే అబద్ధం చెప్పిన తప్పు మరొకటి చేరుతుంది. 12 నెలలు లేదా అంతకు మించిన జైలు శిక్ష పడితే విదేశీయుణ్ని వెనక్కి పంపడం అక్కడి చట్టంలోనే రాసి ఉంది. పైన చెప్పిన మహిళ బ్రిటిష్ పౌరురాలు, జైలు నుంచి ఇంటికెళ్లారు. అదే శిక్ష మన విద్యార్థికి పడితే దేశం దాటిస్తారు. బ్రిటన్‌లో స్వేచ్ఛ లేదని ఇక్కడ కూర్చుని వాపోయేవాళ్లు, 2025 డిసెంబరులో బెళగావి సమావేశాల్లో మన కర్ణాటక శాసనసభ ఆమోదించిన విద్వేష ప్రసంగాల బిల్లును కూడా ఒకసారి చదివితే బాగుంటుంది.

మీకు ఒక విన్నపం. మీ ఎన్నారై పేజీలో వీసా ఫీజుల వార్తలు శ్రద్ధగానే వేస్తున్నారు. బ్రిటన్‌లో మే మొదటి గురువారం స్థానిక ఎన్నికల రోజు, ఏటా ఏదో ఒక ప్రాంతంలో జరుగుతూనే ఉంటాయి. నమోదు గడువు ఏ తేదీన వస్తుందో ఏప్రిల్ ఆరంభంలోనే ఒక బాక్స్ కట్టి వేయండి. 12 పనిదినాలు లెక్కించేటప్పుడు శని, ఆదివారాలతో పాటు ఈస్టర్ సెలవులు కూడా తీసేయాలి. ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ మధ్యలో పడితే గడువు మనం అనుకున్నదానికంటే ముందుకొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు